కాలివేలి కోసం కంచంతో కొట్లాట

నర్సు ఉద్యోగమంటే సూది వెయ్యడం, బీపీ చూడడం, డాక్టరు గారి వెనక ట్రే పట్టుకుని నడవడం అనుకుని వచ్చే పిల్లలను చూస్తే నాకు నవ్వొస్తుంది. అవన్నీ కొద్దిరోజుల్లో చేతికొస్తాయి. షుగరు ఓపీలో కూర్చున్న నర్సుకు అసలు పని వేరే ఉంది. ఎదుటివాడి కంచంలోకి తొంగిచూసి, "ఇంత బువ్వ ఎందుకయ్యా నీకు?" అని అడగడం. అడిగి తిట్లు తినడం. తిట్లు తిన్న మరునాడు మళ్ళీ వెళ్ళి అడగడం.

నా సర్వీసంతా ఆదిలాబాదు, కరీంనగర్ వైపే గడిచింది. మొదట ఇచ్చోడ దగ్గర ఒక చిన్న ఆసుపత్రి. తర్వాత పెద్దపల్లి దాటి గోదావరి వైపు వెళ్తే వచ్చే బొగ్గుగనుల కాలనీలో పెద్ద ఆసుపత్రి. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు సంతకం పెట్టారు, ఎవరు పెట్టలేదు అన్నవి ఇక్కడ రాయను. అవి చదివితే మీకు నిద్రొస్తుంది. నాకు బాగా గుర్తున్నది ఒక ఎడమకాలి బొటనవేలు. మల్లేశం అనే గని కార్మికుడిది. దాని గురించి చెప్తే ఈ ఉద్యోగం ఏమిటో మీకే అర్థమవుతుంది. అంతకంటే ముందు ఇచ్చోడ మాట ఒకటి చెప్పాలి.

అన్నం తినని మనిషికి అన్నం మానెయ్యమని

నా మొదటి పెద్ద డాక్టరు మంచివాడే. లంచం ఎరగడు, కోపం ఎరగడు. కానీ ఎప్పుడూ తొందరే. షుగరున్న మనిషి గదిలోకి అడుగుపెడితే చాలు, తల ఎత్తకుండానే "అన్నం మానెయ్, రొట్టె తిను" అనేవాడు. తర్వాతి మనిషి లోపలికి రావాలి.

సక్కుబాయి అని ఒకామె వచ్చేది. మహారాష్ట్ర సరిహద్దు ఊరు, మాటలో సగం మరాఠీ. మందులు సరిగ్గా మింగేది, అయినా షుగరు దిగేది కాదు. "ఈమె అబద్ధం చెప్తోంది. దొంగచాటుగా మిఠాయి తింటోంది" అని డాక్టరు తేల్చేశాడు. నేను బయట బల్ల మీద కూర్చోబెట్టి మెల్లగా అడిగాను.

"అన్నం మానేసినవా బాయీ?"

"మా ఇంట్ల అన్నం ఎక్కడిది సిస్టర్‌బాయీ? పండుగకు వండుతం. దినాం జొన్న రొట్టెనే. డాక్టర్ సాబ్ చెప్పినంక ఇంకో రెండు ఎక్కువ తింటున్న. దవా లెక్క."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నడూ అన్నం తినని మనిషిని అన్నం మానెయ్యమన్నాం. తినే రొట్టెను మందు చేశాం. మరునాడు ఒక రొట్టె తెమ్మన్నాను. కంచమంత వెడల్పు, వేలంత మందం. పూటకు అలాంటివి నాలుగు తినేదట.

జొన్న మంచిదే, నేను కాదనను. కానీ అదీ గింజే కదా. కడుపులో పడ్డాక అదీ చక్కెరగానే మారుతుంది, కాస్త ఆలస్యంగా మారితే మారవచ్చు. బియ్యం, జొన్న, మక్క, గోధుమ, అటుకులు, ఇవన్నీ ఒకే ఇంటి మనుషులు. ఒకరిని వాకిట్లోంచి పంపి ఇంకొకరిని పెరట్లోంచి పిలిస్తే ఇల్లు ఖాళీ అవుతుందా? సక్కుబాయికి పూటకు ఒక్క రొట్టె ఉంచి, మిగతా ఆకలికి శనగపిండి కూర, మెంతికూర, పెరుగు పెట్టుకొమ్మన్నాను. షుగరు దిగింది. డాక్టరు మాత్రం చివరిదాకా అందరికీ అదే మాట చెప్పాడు. పెద్ద చదువు ఉండీ ఎదుటి మనిషి ఏం తింటుందో అడగని వైద్యం నాకు నచ్చదు. అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

వేలు తీసెయ్యాలన్నారు

మల్లేశం మా కాలనీ ఆసుపత్రికి భార్య భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి, ఉక్కుముక్క. గనిలో వేసుకునే రబ్బరు బూటు ఒరిసి బొటనవేలి కింద పుండు పడింది. షుగరుతో పాదాలు మొద్దుబారి నొప్పి తెలియలేదు కాబట్టి ఆయనకు పుండు సంగతీ తెలియలేదు. మేజోడు ఉతుకుతుంటే నెత్తురు మరక చూసి భార్య రాజవ్వ పట్టుకొచ్చింది. అప్పటికే చీము పట్టింది, షుగరు ఆకాశంలో ఉంది.

మా సర్జన్ గారు కత్తిలాంటి మనిషి. మాటా అంతే. "వేలు తీసేద్దాం. ఆలస్యం చేస్తే పాదం పోతుంది, తర్వాత కాలు" అన్నాడు.

మల్లేశం ముఖం పాలిపోయింది. "వేలు దీస్తే నన్ను గనిల దిగనిస్తరా సార్?"

"దిగనివ్వరు."

రాజవ్వ డాక్టరు కాళ్ళ మీద పడబోయింది. నేను ఆమెను లేపి, "సార్, చీముకు మందులు మొదలుపెట్టి, షుగరు దించి చూద్దాం. డ్రెస్సింగ్ రోజూ నేనే చేస్తాను" అన్నాను. సర్జన్ నా వైపు ఎగాదిగా చూశాడు. అడగకుండా మాట్లాడే నర్సులంటే ఆయనకు గిట్టదు. అయినా పుండు మళ్ళీ కెలికి చూసి, ఎముకదాకా పోలేదని తేల్చుకున్నాక, "సరే. కానీ జ్వరమొచ్చినా, వేలు నల్లబడినా నేనింక ఎవరి మాటా వినను" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆయన పొగరంతా భరించవచ్చు అనిపించింది.

చీము సంగతి మందులు చూసుకుంటాయి. షుగరు సంగతి ఎవరు చూడాలి? ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగాక వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. పిలవని పేరంటమే, అయినా వెళ్ళాను. ఓపీలో ఎవరినడిగినా "కొంచెమే తింట" అంటారు. కొంచెం అంటే ఎంతో కంచం ముందు కూర్చుంటేనే తెలుస్తుంది.

రాజవ్వ వడ్డించింది. అన్నం కుప్ప పోసి, నడుమ గుంట చేసి పప్పు పోసింది. అది అయిపోయాక మళ్ళీ అన్నం, పచ్చిపులుసు. అదీ అయిపోయాక మళ్ళీ అన్నం, పెరుగు. గోరుచిక్కుడు కూర కంచం అంచున బొట్టు పెట్టినంత. మనవాళ్ళ తిండిలో చిక్కంతా అక్కడే ఉంది. కూర ఉండేది అన్నాన్ని గొంతులోకి దించడానికే. ఆ వరస తలకిందులు చెయ్యాలి, అంతే. కూర ఆకలి తీర్చాలి, అన్నం దానికి తోడు రావాలి.

"రేపటి నుంచి కంచంలో ముందు కూర పెట్టు. నాలుగు గంటెలు. పప్పు గిన్నెడు, గుడ్డు ఒకటి. అవి తిన్నాకే అన్నం, అదీ ఒక్క గంటె" అన్నాను.

రాజవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఒక్క గంటెనా? గది పిట్టకు పెడుతరు సిస్టరమ్మ. గని పని జేసే మొగోనికి గింతంత బువ్వ పెడితే పక్క క్వార్టరోళ్ళు ఏమంటరు? మొగణ్ణి మాడుపుతుంది అంటరు."

"వేలు లేని మొగుణ్ణి చూసి ఏమంటారు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత మాట అనకుండా ఉండాల్సిందేమో. కానీ మెత్తగా చెప్పే మాటలకు అక్కడ చోటు లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గంటె చేతిలోకి తీసుకుని, "మక్క గట్క? సర్వపిండి? గవి అన్నం గాదు గదా?" అని అడిగింది. గట్క అంటే మొక్కజొన్న రవ్వతో వండే సంకటి, సర్వపిండి అంటే బియ్యప్పిండి రొట్టె. నేను తల కొట్టుకున్నాను. కొట్టుకుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.

చక్కెర నీళ్ళు

మొండివాడు మారితే మరీ మొండిగా మారుతాడు. వేలు దక్కాలని మల్లేశం నేను చెప్పిన ఒక్క గంటె కూడా మానేశాడు. అన్నం లేదు, రొట్టె లేదు, పప్పు కూడా సగమే. మందుబిళ్ళలు మాత్రం పాతవే, పాత లెక్కనే మింగుతున్నాడు. ఎవరికీ చెప్పలేదు. తన తెగింపు చూసి మేం మెచ్చుకుంటామనుకున్నాడేమో.

ఒక పొద్దున డ్రెస్సింగ్ వరసలో కూర్చుని చెమటలు కక్కడం మొదలుపెట్టాడు. చొక్కా తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. పేరడిగితే తన చిన్నప్పటి ఊరు పేరు చెప్తున్నాడు. చేతివేలి నుంచి రక్తపు చుక్క తీసి చూశాను. షుగరు పాతాళంలో ఉంది. గ్లాసు నీళ్ళలో చక్కెర గుమ్మరించి, తల పట్టుకుని తాగించబోయాను. రాజవ్వ నా చెయ్యి పట్టుకుని అరిచింది.

"ఏం జేస్తున్నవ్ సిస్టరమ్మ! షుగరున్నోనికి చక్కెర పోస్తవా? సంపుతవా ఏంది?"

"చెయ్యి వదులు! ఇప్పుడు ఇది పొయ్యకపోతేనే పోతాడు!"

తాగించాను. కాసేపటికి మనిషి మనిషయ్యాడు. "ఏమైంది, అందరు నన్నే జూస్తున్నరేంది?" అని అమాయకంగా అడిగాడు. ఒళ్ళు మండింది నాకు. ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి, షుగరు మందులు రాసే ఫిజీషియన్ గారి దగ్గరికి నడిపించాను. ఆయన బిళ్ళలు తగ్గించి రాశాడు.

పిల్లలూ, ఈ ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. తిండిలో గింజలు తగ్గిస్తే రక్తంలో చక్కెర తగ్గుతుంది, దాని కోసమే తగ్గిస్తున్నాం. అప్పుడు పాత మందు ఎక్కువైపోతుంది. బిళ్ళలో, ఇన్సులినో వాడే మనిషి కంచం మార్చే ముందే డాక్టరుకు చెప్పాలి. అన్నం మానెయ్యమని చెప్పి మందు సంగతి అడగకుండా పంపించారంటే ఆ మనిషిని సగం దారిలో వదిలేసినట్టే. కూడు మానెయ్యడం గొప్ప కాదని రాజవ్వ ముందే మల్లేశానికి చివాట్లు పెట్టాను. ఒక్క గంటె అంటే ఒక్క గంటె, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ఆ తర్వాత పుండు దారిలో పడింది. చీము ఆగింది, ఎర్రటి కండ పూడుకొచ్చింది. ఒకరోజు సర్జన్ గారు వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి కత్తి అక్కర్లేదు" అని చెయ్యి కడుక్కున్నాడు. రాజవ్వ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేను కట్టు గుడ్డలు సర్దుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

ఉత్త కాళ్ళతో

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది కదా. కానీ పుండు మానాకే నాకు అసలు కొట్లాట ఎదురైంది. పుండున్నన్నాళ్ళు భయం ఉంటుంది. మానితే భయమూ మానుతుంది. ఎండలు ముదురుతుండగా ఒకరోజు మల్లేశం ఆసుపత్రికి వచ్చాడు. ఒంటి మీద కాషాయం బట్టలు, మెడలో మాల, నుదుట సిందూరం. ఆంజనేయ దీక్ష పట్టాడు. కిందికి చూశాను. కాళ్ళకు చెప్పుల్లేవు.

"చెప్పులేవీ?"

"దీక్షల చెప్పులు ఏసుకోరు మాతా."

దీక్షలో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళను అలాగే పిలుస్తారని తెలుసు. అయినా ఆ "మాతా" వింటే నాకింకా మండింది. "నన్ను సిస్టరమ్మా అనే పిలువు. ఎవరు పట్టమన్నారు నిన్ను ఈ దీక్ష?"

"మొక్కుకున్న. వేలు దక్కితే ఉత్త కాళ్ళతోని నడుసుకుంట కొండగట్టుకొస్త అని స్వామికి మొక్కిన. దక్కింది. మాట తప్పుతనా మరి?"

వైశాఖ మాసం ఎండ. మా బొగ్గు ఊళ్ళ ఎండ ఎలా ఉంటుందో అక్కడ బతికినవాళ్ళకే తెలుసు. తారురోడ్డు మీద రొట్టె కాల్చుకోవచ్చు. ఆ రోడ్డు మీద, స్పర్శ లేని పాదాలతో, కొండగట్టు ఆంజనేయుడి గుడి దాకా! రోజూ దీక్షలో ఉన్నవాళ్ళు పూజలు చేసే పీఠం దగ్గర మధ్యాహ్నం భిక్షలో ఆకు నిండా అన్నం, సాయంత్రం అల్పాహారమని ఉప్మా, అరటిపండ్లు. ఇదేమిటయ్యా అంటే, "వేలు బాగైంది గదా, ఇగ ఏం ఫికర్?" అన్నాడు. అరిచాను. బతిమాలాను. మళ్ళీ అరిచాను. అన్నిటికీ చిరునవ్వే. "నీకు దేవుడు లేడా మాతా?" అని ఎదురడిగాడు.

నాకు దేవుడున్నాడు. కానీ ఆ కాలికి చర్మం కూడా ఉండాలి కదా.

నా మాట నడవదని తేలిపోయింది. అయితే ఎవరి మాట నడుస్తుంది? మరునాడు మధ్యాహ్నం రాజవ్వను వెంటబెట్టుకుని పీఠానికి వెళ్ళాను. క్వార్టర్ల వెనక రేకుల షెడ్డు. దీక్ష ఇచ్చే గురుస్వామి రాజలింగం అని, గనిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. భిక్ష ఇంకా మొదలుకాలేదు. చేతులు జోడించి చెప్పాను.

"స్వామీ, మా ఆసుపత్రి ఇచ్చిన చెప్పులు వేసుకోమని మల్లేశానికి మీరే చెప్పాలి."

ఆయన ముఖం ముడుచుకుంది. "దీక్షల చెప్పులా? ఎన్నడన్న ఇన్నవా అమ్మా?"

"వినలేదు. కానీ ఆయన పాదాలకు స్పర్శ లేదు. నిప్పు తొక్కినా తెలియదు. నా మాట నమ్మకండి, మీరే చూడండి. ఆయన్ని కళ్ళు మూసుకొమ్మనండి, మీరు ఆ వేలు ముట్టుకోండి."

గురుస్వామికి ఇది నచ్చలేదు. కానీ మనిషి న్యాయం తెలిసినవాడు. మల్లేశాన్ని కాళ్ళు చాపి కూర్చొమ్మన్నాడు. మల్లేశం నవ్వుతూనే కళ్ళు మూసుకున్నాడు. గురుస్వామి వంగి బొటనవేలును రెండు గోళ్ళ మధ్య పట్టి గిల్లాడు. గట్టిగా గిల్లాడు. గోళ్ళు చర్మంలో దిగబడ్డాయి.

"కానియ్యి స్వామి," అన్నాడు మల్లేశం కళ్ళు మూసుకునే. "ఎప్పుడు ముడుతవ్? అవుతల భిక్షకు ఆలస్యమైతుంది."

గురుస్వామి గోళ్ళు ఇంకా వేలి మీదే ఉన్నాయి. మెల్లగా వదిలి, పాదం పైకెత్తి అరికాలు చూశాడు. మడమ దగ్గర రూపాయి బిళ్ళంత బొబ్బ, పగిలి నీరు కారుతోంది. మల్లేశం కళ్ళు తెరిచి, తన కాలి వైపు కాక, మా అందరి ముఖాల వైపు చూశాడు. నవ్వు పోయింది. ఆ మనిషి తన పాదం చూసి భయపడడం నేను మొదటిసారి చూశాను.

"స్వామి ఇచ్చిన వేలును నువ్వు తీస్కపోయి తార్రోడ్డు మీద కాలుస్తవా?" అన్నాడు గురుస్వామి. "గది మొక్కా, తప్పా?"

"మరి మాట తప్పాల్నా స్వామి?" అన్నాడు మల్లేశం.

గురుస్వామి నా వైపు తిరిగాడు. "మీ దవాఖాన చెప్పులు తోలువా?"

"కాదు స్వామీ, మెత్తటి రబ్బరు."

"తోలు లేకుంటే ఏసుకోవచ్చు. నేను చెప్తున్న, ఏసుకో. కొండకిందికి బస్సుల పోదువు." మళ్ళీ మల్లేశం వైపు తిరిగాడు. "మొక్కు మాత్రం ఉత్తగ పోవద్దు. కాళ్ళకు బదులు ఇంకోటి ఇయ్యి. నీకన్నిట్ల ఇష్టమైంది ఏంది?"

వెనక నుంచి రాజవ్వ చెప్పింది. "రాత్రి బువ్వ స్వామి. వేడివేడి బువ్వ, పచ్చిపులుసు. గది లేకుంటే నిద్రవట్టది ఆయనకు."

"అయితే గదే ఇడిసిపెట్టు. బతికినంత కాలం రాత్రి బువ్వ స్వామిది, నీది గాదు."

వేలు తీసెయ్యాలని సర్జన్ చెప్పిన నాడు కూడా మల్లేశం ముఖం అంతగా వాడిపోలేదు. చివరికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆరోజు భిక్షలో గురుస్వామే గంటె పట్టుకున్నాడు. మల్లేశం ఆకులో ముందు కూర, పప్పు పడ్డాయి. ఆ తర్వాత అన్నం, ఒక్క గంటె. సాయంత్రం ఉప్మాకు బదులు ఉడికించిన శనగ గుడాలు. అక్కడి నుంచే ఆయన్ని తీసుకెళ్ళి మడమకు కట్టు కట్టాను, ఫిజీషియన్ గారికి చెప్పి బిళ్ళలు సరిచేయించాను. సర్జన్ గారికి చెప్తే, "మనం చెప్తే వినలేదు, ఆయన చెప్తే విన్నాడా" అని నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ. పని జరిగింది కదా.

రోగులతో మొక్కులు మొక్కించమని మీకు చెప్పడం లేదు. అలా అర్థం చేసుకుంటే మీ ఖర్మ. నేను చెప్పేది ఇంతే. ప్రతి మనిషికీ ఒకరి మాట నడుస్తుంది. అది మీది కాకపోవచ్చు, డాక్టరుది కాకపోవచ్చు. ఎవరిదో వెతికి పట్టుకుని, వాళ్ళ ముందు చేతులు జోడించడానికి సిగ్గుపడకండి. భయంతో తగ్గించిన అన్నం పుండు మానగానే తిరిగొస్తుంది. ఎవరికో మాటిచ్చి తగ్గించిన అన్నం అంత తేలిగ్గా రాదు. నాకు తెలిసిన వైద్యంలో ఇది కూడా ఒక భాగమే.

కాళ్ళకు స్పర్శ లేదని మల్లేశాన్ని మళ్ళీ గనిలోకి దింపలేదు, దిగేవాళ్ళకు పైన దీపాలిచ్చే గదిలో పని ఇచ్చారు. ముందు అలిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు. బిడ్డ పెళ్ళినాటి రాత్రి కూడా అన్నం ముట్టలేదని, మామిడిచెట్టు కింద కూర్చుని చేపల కూర ఉత్తదే తిన్నాడని రాజవ్వ నాకు చెప్పింది.

ఎంచుకో

రిటైరయ్యాక మొన్న నేను కొండగట్టుకు వెళ్ళాను. మెట్ల పక్క నీడలో ఎవరో "సిస్టరమ్మా!" అని కేకేశారు. చూస్తే మల్లేశం, రాజవ్వ. ఆయన జుట్టు నెరిసింది, ఒళ్ళు మాత్రం గట్టిగా ఉంది. రాజవ్వ ఒడిలో డబ్బా. మూత తీసి చూపించింది, నేను అడగకుండానే. సొరకాయ కూర, పెసరపప్పు, అంచున ఒక్క గంటె అన్నం. "జూసినవా? నీకు భయపడి ఇంకా గింతనే పెడుతున్న" అని నవ్వింది.

మల్లేశం మెట్టు మీద కాలు పెట్టి, రబ్బరు చెప్పు విడిచి, మేజోడు లాగేశాడు. దర్శనానికి పోయే జనం ఆగి చూస్తున్నారు.

"ఎంచుకో సిస్టరమ్మ."

మోకాళ్ళ నొప్పులతోనే వంగాను. గట్టిగా, అందరికీ వినపడేలా వేళ్ళు లెక్కపెట్టాను. ఐదున్నాయి. బొటనవేలు పట్టుకుని నొక్కాను, పాత అలవాటు.

"తెలుస్తోందా?"

"తెల్వదు సిస్టరమ్మ," అన్నాడు. "కానీ ఉన్నది గదా."